అడగని ప్రశ్నల నోటుబుక్కు: పలమనేరు వైపు ఒక హైస్కూల్లో కొత్త టీచర్లు, సిబ్బంది కుదురుకున్న తీరు

చిత్తూరు జిల్లా పలమనేరు వైపు, కౌండిన్య అడవి అంచుకు దగ్గరగా ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఇది. ఆరు నుంచి పది వరకు తరగతులు. మధ్యాహ్న భోజనానికి కూర్చునే పిల్లలు రోజుకు ఇంచుమించు 200 మంది. 2025లో ఈ బడికి రెండు దఫాలుగా కొత్తవాళ్లు వచ్చారు. జూన్‌లో బదిలీల మీద ముగ్గురు టీచర్లు చేరారు. దసరా సెలవుల తర్వాత, 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) ఎంపికైనవారు ఇద్దరు, లెక్కలకు ఒకరు, జీవశాస్త్రానికి ఒకరు వచ్చారు. వాళ్లతోపాటే ఒక ఆయా, వంట దగ్గర ఒక సహాయకురాలు కూడా చేరారు. జూన్‌లో బడి చేసింది ఒకటి, అక్టోబరులో చేసింది ఇంకొకటి. ఆ తేడా ఎందుకొచ్చిందో, దానికి ఎంత పనిపట్టిందో చెప్పడం వరకే ఈ కేస్ స్టడీ.

జూన్ స్వాగతంలో లోటేమీ లేదు. ప్రేయర్‌లో శాలువా, పూలదండ, పిల్లల చప్పట్లు, స్టాఫ్ రూంలో టీ, కారాలు. హెడ్మాస్టర్ రెండు మంచి మాటలు చెప్పారు. పది నిమిషాల్లో బెల్లు కొట్టారు, చేతికి టైంటేబుల్ ఇచ్చారు. అక్కడితో స్వాగతం అయిపోయింది. ఆ తర్వాత రోజూ ఒకే పలకరింపు: “అంతా బాగుందా?” ఒకే జవాబు: “బాగుంది సార్.”

బాగాలేదని తెలియడానికి మూడు వారాలు పట్టింది. కొత్తగా వచ్చిన ఒక టీచరు, వారం రోజులుగా కనిపించని ఎనిమిది మంది పిల్లల ఇళ్లకు వరసగా ఫోన్లు చేసి “మీవాడు బడి మానేశాడా?” అని అడిగారు. ఆ పిల్లలు మానలేదు. జూన్, జూలైల్లో ఈ పక్క తోతాపురి మామిడి కోతలు. ఇంటిల్లిపాదీ తోటల్లో ఉంటారు, పెద్దపిల్లలు కాయలు మోయడానికో, చిన్నవాళ్లను చూసుకోవడానికో ఆగిపోతారు. అది మంచిదని ఎవరూ అనరు. కానీ ఈ ఊళ్లలో పనిచేసిన టీచరు “మానేశాడా” అని అడగరు, “కాయ ఎప్పటికి అయిపోతుందమ్మా, సోమవారానికి పంపుతారా?” అని అడుగుతారు. మొదటి ప్రశ్నకు ఒక తల్లికి కోపమొచ్చి బడిదాకా వచ్చింది. రెండో ప్రశ్న వేసి ఉంటే పిల్లాడే వచ్చేవాడు. ఈ సంగతి పాత టీచర్లందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే తెలిసినవాళ్లకు అది చెప్పాల్సిన సంగతిగా తోచదు. కొత్తవారూ అడగలేదు, ఎందుకంటే పదిహేనేళ్ల సర్వీసున్న మనిషి “ఇక్కడ జూన్‌లో పిల్లలు ఎందుకు రారు” అని అడిగితే చిన్నతనం అనుకుంటారు.

ఈ కేసులో తేలిన అసలు విషయం ఇదే. కొత్తవాళ్లు అడగరు. అనుభవం ఎక్కువ ఉన్నవాళ్లు ఇంకా అడగరు.

నోటుబుక్కు

జూలైలో స్టాఫ్ రూంలో, మంచినీళ్ల ఫిల్టరు పక్కన, 200 పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి దారంతో పెన్ను కట్టి పెట్టారు. ప్రశ్న ఎవరైనా రాయవచ్చు, పేరు రాయనక్కర్లేదు. జవాబు ఎవరికి తెలిస్తే వాళ్లు కింద రాయాలి. పుస్తకం హెడ్మాస్టర్ గదిలో ఉండకూడదు, అక్కడ ఉంటే ఎవరూ రాయరు.

మొదటి వారం ఖాళీ. రెండో వారంలో జూన్‌లో వచ్చిన ముగ్గురిలో ఎవరో మొదలుపెట్టారు. చూస్తే ప్రశ్నల్లో సగం చదువుకు సంబంధించినవి కావు. “ప్రేయర్‌లో మేము ఎక్కడ నిలబడాలి?” “కిటికీ పక్కన కుర్చీ ఎవరిది?” “ముఖ హాజరుకు (ఫోన్‌లో ముఖం చూపి వేసే హాజరు) సిగ్నల్ ఎక్కడ అందుతుంది?” దానికి జవాబు: “మెట్ల దగ్గర, వేపచెట్టు వైపు తిరిగి.” ఇంకో ప్రశ్న: “తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి పాఠం మధ్యలో లేచి పోతాడు, ఆపాలా?” కింద ఎర్రసిరాతో: “ఆపొద్దు. కారణం క్లాస్ టీచర్ విడిగా చెబుతారు.” పిల్లల ఆరోగ్యం గురించి అందరూ చదివే పుస్తకంలో రాయకూడదు కాబట్టి అక్కడితో ఆపారు. అది సరైన పద్ధతి.

అన్నిటికంటే ఆలోచింపజేసిన ప్రశ్న ఒకటుంది: “లేడీస్ బాత్రూం తాళం ఎవరి దగ్గర ఉంటుంది?” మూడు వారాలుగా ఒక టీచరు ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగడం తగ్గించుకుని గడిపారని ఆ ప్రశ్నతోనే తెలిసింది. తాళం ఆఫీసులో మేకుకు ఉంది. పాత టీచర్లకు చేయి దానంతటదే అక్కడికి పోతుంది. మేకు పక్కన ఒక చీటీ అంటిస్తే పోయేదానికి మూడు వారాలు.

సెప్టెంబరులో ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి నాలుగు పేజీల కాగితం తయారుచేశారు. మొదటి పేజీ బడి నక్ష: తాళాలు, మెయిన్ స్విచ్, మందుల పెట్టె, సిగ్నల్ అందే చోటు. రెండోది రోజు నడిచే తీరు, గంటగంటకూ. మూడోది ఊళ్ల వారీగా పిల్లలు: ఏ ఊరి పిల్లలు నడిచి వస్తారు, ఎవరు ఏ బస్సుకు పోవాలి, ఏ ఇళ్లలో కన్నడమో తమిళమో ఉర్దూనో మాట్లాడతారు. నాలుగోది ఎవరిని ఏది అడగాలి అనే పట్టీ. ఇంకా పొడిగిద్దామని ఒకరిద్దరు అన్నారు, నిబంధనలూ జీవోలూ చేరుద్దామన్నారు. పొడిగించకపోవడమే మేలైంది. నలభై పేజీలైతే బీరువాలోకి పోయేది.

చేరిన రోజు కాగితాలు

డీఎస్సీతో వచ్చేవారికి ఉద్యోగం కొత్త, కాబట్టి మొదటి జీతం దాకా పట్టుకుని నడిపించాల్సిన పని బడిది. బదిలీ మీద వచ్చేవారికి పాత బడి నుంచి ఎల్పీసీ (చివరి జీతం సర్టిఫికెట్), సర్వీసు రిజిస్టరు వస్తే చాలు. కొత్తగా చేరినవారికి అన్నీ మొదటినుంచి పుట్టాలి: జాయినింగ్ రిపోర్టు, సర్వీసు రిజిస్టరు తెరవడం, సీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ జీతాలు, బిల్లుల ఆన్‌లైన్ వ్యవస్థ) ఐడీ, పెన్షన్ ఖాతాకు పన్నెండు అంకెల ప్రాన్ నంబరు, ఆ తర్వాతే బిల్లు. వీటిలో ఒకటి ఆగితే వెనకున్నవన్నీ ఆగుతాయి.

ఎక్కువగా ఆగేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో చివరికి పోతుంది. పెళ్లయిన ఆడవాళ్లకు ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు, మెమోలో పుట్టింటిపేరు. ప్రాన్ దరఖాస్తు వెనక్కి వచ్చాక దిద్దించుకుంటే నెల పోతుంది. అందుకని చేరిన రోజే ఒక తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీసి, మెమోలో, ఆధార్‌లో, పాన్‌లో, బ్యాంకు పాసుబుక్కులో పేరూ పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం పక్కపక్కన రాయించారు. ఇరవై నిమిషాల పని. జీవశాస్త్రం టీచరుకు పాన్‌లో ఒక అక్షరం తేడా ఆరోజే దొరికింది. మెమోలో ఉన్న పేరే సర్వీసు రిజిస్టరుకు ఆధారం కాబట్టి, మిగతావి దానికి సరిపడేలా దిద్దించుకోవాలి. మెమోను వాటికి సరిపెడదామని చూడకూడదు.

జాయినింగ్ రిపోర్టులో ఉదయం చేరారా, మధ్యాహ్నం చేరారా అన్నది రాయడం మరిచిపోతారు. అది జీతం లెక్కకు సంబంధించిన విషయం. సర్టిఫికెట్ల జిరాక్సులు మూడు సెట్లు, ఫొటోలు ఆరు, ఒరిజినల్స్ చూసి ఆ పూటే తిరిగి ఇచ్చేయాలి. బడిలో ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవడం అనవసరపు చిక్కు.

ఇంకో మాట సూటిగా చెప్పాలి: మొదటి జీతం ఒకటి రెండు నెలలు ఆగవచ్చు. ఈ సంగతి మొదటి రోజే చెబితే అద్దె అడ్వాన్సు, బస్సు పాసు గురించి మనిషి ముందే చూసుకుంటారు. మర్యాదకని “వచ్చేస్తుంది లెండి” అంటే ఇబ్బంది పడేది వాళ్లే.

మొదటి వారం నాలుగే పీరియడ్లు

జూన్‌లో వచ్చిన లెక్కల టీచరుకు మొదటి రోజే ఎనిమిదిలో ఏడు పీరియడ్లు పడ్డాయి. ఆరు ఆయనవి, ఏడోది సెలవులో ఉన్నవారి తరగతి. కొత్తవారు కాదనలేరు కాబట్టి ఖాళీ తరగతులన్నీ వాళ్ల మీదకే పోతాయి. దీన్ని కావాలని ఎవరూ చేయరు, అయినా ప్రతి బడిలో జరుగుతుంది.

అక్టోబరులో లెక్క వేసి చూశారు. ఇద్దరు కొత్తవారికి రోజుకు ఆరు బదులు నాలుగు పీరియడ్లే ఇస్తే, ఇద్దరికీ కలిపి రోజుకు నాలుగు, ఆరు రోజులకు 24 పీరియడ్లు వేరేవాళ్లు మోయాలి. ఎనిమిది మంది పాత టీచర్లకు పంచితే ఒక్కొక్కరికి వారంలో మూడు. అంకె చూశాక గొణిగినవాళ్లు తగ్గారు. అంతకుముందు “వాళ్ల పని మేమెందుకు చేయాలి” అన్న మాట వచ్చింది. రాకుండా ఉంటుందని అనుకోవడం పొరపాటు. మూడు అన్న అంకె లేకుండా “కాస్త సహకరించండి” అని అడిగి ఉంటే ఒప్పుకునేవారు కాదు.

మిగిలిన రెండు పీరియడ్లలో కొత్తవారు వెళ్లి వెనక బెంచీలో కూర్చోవాలి. సొంత సబ్జెక్టు తరగతిలో ఒకటి, వేరే సబ్జెక్టులో ఒకటి. వేరే సబ్జెక్టు ఎందుకంటే, అక్కడ పాఠం మీద కాకుండా పిల్లల మీద కన్ను పడుతుంది. తెలుగు పీరియడ్‌లో గట్టిగా చదివే పిల్ల లెక్కల్లో నోరు మెదపదని అలాగే తెలుస్తుంది.

జీవశాస్త్రం టీచరు తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో పన్నెండేళ్లు చెప్పి వచ్చినవారు. 2025 డీఎస్సీకి వయోపరిమితి 44కు పెంచడంతో ఇలాంటివారు ఎక్కువగానే వచ్చారు. వీళ్లను “కొత్త” అని లెక్కగట్టి బోర్డు మీద ఎలా రాయాలో చెప్పబోవడం అవమానం. వాళ్లకు కొత్తది బోధన కాదు, ఈ పిల్లలు. వేర్ల పాఠంలో “బంగాళాదుంప వేరా, కాండమా?” అని అడిగితే తరగతి గమ్మునుంది. వెనకనుంచి ఒకమ్మాయి మెల్లగా “ఉర్లగడ్డ మేడం?” అంది. అంతే, తర్వాత చేతులన్నీ లేచాయి. “అది మట్టిలో ఉండాది కదా మేడం, వేరే” అని ఒకడు, “మా అమ్మ ముక్కలు కోసి నాటుతుంది, దానికి కండ్లుంటాయి, వేరుకు కండ్లుండవు” అని ఇంకొకడు. రెండోవాడు చెప్పింది పాఠంలో ఉన్న కారణమే. ఆ సాయంత్రం నోటుబుక్కులో ఒక పేజీకి రెండు గళ్లు పడ్డాయి: బంగాళాదుంప – ఉర్లగడ్డ, వేరుశనగ – చెనక్కాయ, ఉల్లిపాయ – ఎర్రగడ్డ, వెల్లుల్లి – తెల్లగడ్డ. ఇంట్లోని మాటను వెక్కిరించకుండా పాఠంలోని మాట పక్కన బోర్డు మీద రాయడం, పరీక్షలో పాఠంలోని మాట రాయించడం. పద్ధతి ఇంతే.

ముందున్న టీచరు నుంచి అందాల్సింది సిలబస్ ఎక్కడిదాకా అయింది అన్నదొక్కటే కాదు. ఒక్కో తరగతికి అరపేజీ చాలు: చదవడం రానివాళ్లు ఎవరు, పక్కవాళ్లకు చెప్పగలిగేవాళ్లు ఎవరు, చూపు, వినికిడి కారణంగా ముందు కూర్చోవాల్సినవాళ్లు ఎవరు. ఫిట్స్ లాంటి సంగతులు మాత్రం నోటిమాటగా, విడిగా.

తోడు ఎవరు?

అక్టోబరులో ప్రతి కొత్తవారికీ ఒక తోడు టీచరును పెట్టారు. మొదట అదే సబ్జెక్టు సీనియరును పెడదామనుకున్నారు. అది తప్పని జూన్ అనుభవమే చెప్పింది. అప్పుడు తోడంటూ ఎవరినీ పెట్టకపోయినా, చూస్తుండగానే సీనియర్ల రికార్డులు దిద్దడం, మూల్యాంకనం మార్కులు ఎక్కించడం కొత్తవారి మీదకు జారింది. పైగా తనను అంచనా వేసే మనిషికి ఎవరూ తమ కష్టం చెప్పుకోరు. అందుకే వేరే సబ్జెక్టు టీచర్లను, ఈ బడికి వచ్చి రెండు మూడేళ్లే అయినవారిని, అదే బస్సులో వచ్చేవారిని ఎంచుకున్నారు. సర్వీసు ఎక్కువైన కొద్దీ కొత్తలో పడ్డ ఇబ్బంది గుర్తుండదు. ఇక అసలు సంగతులు బయటపడేది చాలావరకు బస్సులోనే.

తోడుకు పని ఆరు వారాలు. బుధవారం, శనివారం పదిహేను నిమిషాలు. “అంతా బాగుందా” అని అడగకూడదు. “ఈ వారం ఎవరినీ అడగలేక ఊరుకున్నది ఏంటి?” అని అడగాలి. మొదటి బుధవారం డీఎస్సీతో వచ్చిన లెక్కల టీచరు చెప్పింది ఇది: చేరిన రోజే ఐదు వాట్సాప్ గ్రూపుల్లో చేర్చారు, రాత్రి పదకొండుకు కూడా మెసేజీలు, ఏది ఆదేశమో ఏది శుభోదయమో తేలడం లేదు. మరుసటి రోజు ఆయన్ను రెండు గ్రూపుల్లోనే ఉంచారు. పిల్లల ఫొటోలు ఏ గ్రూపులోనూ వద్దన్న నియమం కూడా అప్పుడే గట్టిగా చెప్పారు.

ఆయా, వంట

జూన్ పద్ధతిలో వీళ్లకు స్వాగతమే లేదు. ఆయా వస్తే చీపురు చూపించేవారు, వంటామె వస్తే పొయ్యి చూపించేవారు. అక్టోబరులో టీచర్లతోపాటే ప్రేయర్‌లో నిలబెట్టి పరిచయం చేశారు, పిల్లలు “అక్కా” అని పిలవాలని చెప్పారు. దీనికి ఖర్చు లేదు.

వంట సహాయకురాలికి కొలతలు గోడమీద రాసి పెట్టారు. ఆరు నుంచి పైతరగతులకు మనిషికి బియ్యం 150 గ్రాములు, పప్పు 30, కూరగాయలు 75, నూనె 7.5. అంటే 200 మందికి బియ్యం 30 కిలోలు, పప్పు 6, కూరగాయలు 15, నూనె కిలోన్నర. ఎవరికైనా కంటి అంచనా కుదరడానికి నెలలు పడుతుంది. అంతవరకు తూకమే దిక్కు. మొదటి వారంలో రెండు రోజులు అన్నం చాలలేదు. తప్పు ఆమెది కాదు. ఎంతమంది వచ్చారన్న చీటీ ప్రతి తరగతి నుంచి మొదటి పీరియడ్ అవ్వకముందే వంటగదికి చేరాలి. కొత్త టీచర్లిద్దరికీ ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, నాలుగు పేజీల కాగితంలో కూడా లేదు. అప్పుడు చేర్చారు. వడ్డించేముందు ఒక టీచరు రుచి చూసి రిజిస్టరులో రాయడం కొత్తవారి వంతుకు మొదటి వారంలోనే వచ్చేలా చూశారు. వంటగదిలోకి పోకుండా నెలలు గడిపే టీచర్లున్నారు.

ఆయాకు మొదటి రోజే చెప్పి తీరాల్సింది ఒకటుంది: యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలపకూడదు. ఒకదాని వెంట ఒకటి చల్లినా క్లోరిన్ వాయువు లేస్తుంది, తలుపు మూసిన బాత్రూంలో ఊపిరి ఆడదు. రెండింటినీ వేరే వేరే రోజుల్లో వాడాలి, బాటిళ్లు వేరే అరల్లో ఉండాలి, చేతులకు గ్లౌజులు, తలుపు తెరిచే ఉంచాలి. నోటిమాట చాలదు, ఒకసారి చేసి చూపాలి.

పిల్లల రక్షణ గురించిన గంట మాత్రం అందరికీ కలిపి పెట్టారు: టీచర్లు, ఆయా, వంటవాళ్లు, రాత్రి కాపలాదారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం కొట్టడం, మనసు నొప్పించేలా శిక్షించడం నిషిద్ధం. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, దాచితే చెప్పనివారికే శిక్ష. ఆయాను ఎందుకు కూర్చోబెట్టారంటే, పిల్లలు ముందు చెప్పుకునేది చాలాసార్లు ఆమెకే. చెప్పినప్పుడు గుచ్చిగుచ్చి అడగకూడదు, వెంటనే హెడ్మాస్టరుకు చెప్పాలి, పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరు ఆఫీసు తలుపు మీద ఉండాలి.

ఊళ్లోకి వెళ్లింది కూడా ఆయా వెంటే. ఆమె పక్క ఊరి మనిషి. రెండు సాయంత్రాలు కొత్త టీచర్లిద్దరినీ పిల్లల ఇళ్లవైపు తీసుకుపోయింది. ఏ ఇంట్లో కూర్చోవచ్చో, ఎక్కడ గడప దగ్గరే మాట్లాడి రావాలో ఆమెకు తెలుసు. జూన్‌లో ఫోన్ చేస్తే కోపం తెచ్చుకున్న తల్లి ఇంట్లో ఈసారి టీ ఇచ్చారు.

అడవి, ఘాట్, స్పెషల్ క్లాసులు

డిసెంబరు నుంచి పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులు మొదలవుతాయి. ఉత్సాహమున్న లెక్కల టీచరు ఆరు దాకా ఉంచుతానన్నారు. అడవి వైపు ఊళ్లకు ఏనుగులు దిగే రోజులుంటాయి. దిగాయని తెలిసిన రోజు ఆ ఊళ్ల పిల్లలను చీకటి పడేలోగా ఇల్లు చేరేలా పంపాలి, తరగతి సగంలో ఉన్నా సరే. అటవీ సిబ్బంది కబురు వచ్చే ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో నాలుగో పేజీలో ఉంది. చివరకు ఆ ఊళ్ల పిల్లలకు స్పెషల్ క్లాసు ఉదయానికి మార్చారు. కానీ ఉదయం టీచరు చిత్తూరు నుంచి రావాలి, మొగిలి ఘాట్‌లో లారీ ఒకటి అడ్డం పడితే బస్సు కదలదు. అలాంటి రోజు తోడు టీచరు ఆ అరగంట పిల్లలతో లెక్కలు చేయిస్తారు. ఆమె హిందీ టీచరు. లెక్కల టీచరు ముందురోజే బోర్డు మీద ఐదు లెక్కలు రాసి పోవాలని ఆమె పెట్టిన షరతు.

కుదరనివి కూడా ఉన్నాయి. జీవశాస్త్రం టీచరుకు పలమనేరులో ఇల్లు దొరకలేదు, రోజూ తిరుగుతున్నారు. ఆయాకు వేతనం ఆలస్యమవుతోంది, అది బడి చేతిలో లేదు. జూన్‌లో వచ్చిన ముగ్గురికి తోడు లేకుండానే ఏడాది గడిచిపోతోంది. “మాకెందుకు పెట్టలేదు” అని నోటుబుక్కులో ఒకరు రాశారు. దానికింద ఇంకా ఎవరూ జవాబు రాయలేదు.